గొలుసు పరిగెత్తిన శనివారం

టామరాక్ ఊళ్లో ఓరిన్ హాగ్‌స్టాడ్ నిలబడినంత దగ్గరగా ఆటకు ఇంకెవరూ నిలబడలేదు. ఆటగాళ్ల ఊపిరి ఆవిరై మొహానికి తగిలేది. వాళ్ల బూట్ల కింద ఎగిరిన మట్టి చొక్కా జేబులో పడేది. అంత దగ్గరుండి కూడా ముప్పై ఏళ్లకు పైగా ఆ మనిషి నోటి నుంచి ఒక్క కేక రాలేదు. ఇష్టం లేక కాదు. గొలుసు పట్టేవాడు అరవకూడదు, అంతే.

ఇక్కడి ఫుట్‌బాల్ బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతే బంతి మనదగ్గరే ఉంటుంది, పోకపోతే అవతలివాళ్ల పాలవుతుంది. ఆ పది గజాలు చూపించడానికి మైదానం పక్కన ఇద్దరు చెరో కర్ర పట్టుకుని నిలబడతారు. కర్రల మధ్య గొలుసు. వెనక కర్ర బయల్దేరిన చోటు, ముందు కర్ర చేరాల్సిన చోటు. తమాషా ఏమిటంటే, ఇరవై మంది కుప్పగా పడ్డాక బంతి ఎక్కడుందో తీర్పరి దూరం నుంచి పరిగెత్తుకొచ్చి, చూపు ఆనినచోట పెట్టేస్తాడు. అలా అంచనాగా పెట్టిన బంతిని గొలుసుతో వేలెడు తేడా కూడా రాకుండా కొలుస్తారు. మనుషులు చేసే చాలా లెక్కలు ఇలాంటివే. మొదలు గుడ్డిగా ఉంటుంది, చివర మాత్రం మహా ఖచ్చితం. అయినా ఆ కొలత దగ్గర స్టేడియమంతా ఊపిరి బిగబడుతుంది. ఊపిరి వదిలాక సగం మంది అరుస్తారు, సగం మంది తిడతారు. ఓరిన్ మాత్రం నలుపూ తెలుపూ చారల చొక్కాలో, చలికి ఎర్రబడ్డ ముక్కుతో, కర్ర పక్కన తనూ ఒక కర్రలా నిలబడి ఉండేవాడు.

మిగతా రోజుల్లో అతను బడి బస్సు నడిపేవాడు. గోధుమ, పెసర, మసూరు పండే గుట్టల మధ్య ఆ పచ్చ బస్సు ఎక్కడం, దిగడం. వెనక నలభై మంది పిల్లలు గోల చేస్తున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోగల మనిషి గొలుసుకు బాగా పనికొస్తాడని కాలేజీవాళ్లు ఎప్పుడో కనిపెట్టారు.

అన్ని ఆటల్లోనూ గొలుసు రెండు కొసలూ టామరాక్‌ వాళ్లవే. ఒక్క నది ఆటకు మాత్రం కాదు. నదికి ఇటు టామరాక్, అటు గ్రాన్‌బీ. రెండు ఊళ్లకూ రెండు కాలేజీలు, మధ్యలో ఒక ఇనుప వంతెన. ఏటా నవంబరులో ఒక శనివారం ఈ రెండూ తలపడతాయి. కొలత విషయంలో ఏ ఊరూ రెండో ఊరిని నమ్మదు. అందుకని నది ఆట రోజు గొలుసుకు ఒక కొస టామరాక్ మనిషి, రెండో కొస గ్రాన్‌బీ మనిషి పట్టాలన్నది ఎప్పటినుంచో వస్తున్న ఆనవాయితీ. అలా ఓరిన్‌కు అవతలి కొసన దొరికినవాడు డెల్బర్ట్ క్విస్ట్, గ్రాన్‌బీలో మంగలి షాపు నడిపే పొట్టి మనిషి. ఇద్దరూ ఒకరింటికి ఒకరు వెళ్లింది లేదు, ఫోన్ చేసుకున్నది లేదు. ఏడాదికి ఒక్కరోజు, పది గజాల దూరంలో, ఒకే గొలుసుకు కట్టేసినట్టు గడిపేవారు. ఆ ఒక్కరోజు స్నేహం చాలా రోజుల స్నేహాలకన్నా గట్టిగా ఉండటం లోకంలో కొత్త కాదు. రైలు పెట్టెల్లో చూడండి.

కేకలు వద్దన్నారు గానీ మాటలు వద్దనలేదు. పెదవి కదలకుండా, చూపు బంతి మీదినుంచి తీయకుండా తిట్టుకోవడంలో ఇద్దరూ ఆరితేరారు. టామరాక్ జట్టు గుర్తు కుందేలు, గ్రాన్‌బీది కంచరగాడిద.

"ఏమోయ్ కుందేలూ, మీవాళ్లు ఇవాళ దుంపలు తిని వచ్చారా, పరుగు రావట్లేదు?"

"మీ గాడిదలు మాత్రం బాగా బరువు మోస్తున్నాయిలే. మావాళ్ల నలుగుర్ని వీపు మీద వేసుకుని ఊరేగిస్తున్నాయి."

ఆ చివరి నది ఆట అప్పుడు కూడా ఇలాగే మొదలైంది. చివరిదని ఇద్దరికీ తెలియదు. టీవీవాళ్లు ఆటను సాయంత్రానికి నెట్టారు. గాలి ఎముకల్లోకి దూరుతోంది. నారింజ రంగు చేతితొడుగులు వేసుకున్న ఒక మనిషి మాటిమాటికీ మైదానంలోకి వచ్చి చేతులు కట్టుకుని నిలబడుతున్నాడు. అతను నిలబడితే ఆట ఆగాలి. ఎక్కడో ఇళ్లల్లో జనం ట్రక్కులవీ, కీళ్ల నొప్పుల మాత్రలవీ ప్రకటనలు చూస్తున్నారన్నమాట. కీళ్ల నొప్పులు నిజంగా ఉన్నవాళ్లు మాత్రం ఇక్కడ కర్రలు పట్టుకుని వణుకుతున్నారు.

"ఓరిన్," అన్నాడు డెల్బర్ట్, ఈసారి వెటకారం లేకుండా. "మావాళ్లు గోడ దూకుతున్నారట."

"ఏ గోడ?"

"తూర్పు కూటమిలోకి పోతున్నారు. డబ్బు గోనెసంచుల్లో ఇస్తారట. షాపులో అందరూ అదే మాట."

ఓరిన్ తల తిప్పి చూశాడు. అన్నేళ్లలో అతను బంతి మీదినుంచి చూపు మరల్చింది అదొక్కసారే. నారింజ తొడుగుల మనిషి పక్కకు తప్పుకోవడం, ఆట మళ్లీ మొదలవడం కూడా గమనించలేదు. "గొలుసూ!" అని తీర్పరి గద్దిస్తే ఉలిక్కిపడి కర్ర ఎత్తాడు.

ఈ దేశంలో కాలేజీలు కూటములు కట్టుకుని ఆడతాయి. పూర్వం కూటమి కట్టడానికి లెక్క చాలా సులువు. పొద్దున బస్సెక్కితే చీకటి పడేలోపు దిగగలిగే ఊళ్లన్నీ ఒక కూటమి. అందువల్ల ఓడిపోయినవాడు సోమవారం నాడు ధాన్యం గోదాములోనో చర్చిలోనో గెలిచినవాడి మొహం చూడక తప్పేది కాదు. ఆట రుచంతా ఆ సోమవారంలోనే ఉండేది. తర్వాత టీవీవాళ్లు వచ్చారు. వాళ్ల లెక్కలో ఊళ్లు లేవు, కళ్లు ఉన్నాయి. ఎన్ని కళ్లు చూస్తే అంత సొమ్ము. దాంతో కాలేజీలు ఒకదాన్ని చూసి ఒకటి కండువాలు మార్చడం మొదలుపెట్టాయి. మన అసెంబ్లీలు చూసిన కళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. కొండల్లో కాలేజీ సముద్రతీరం కూటమిలో చేరింది. మంచు ఊరి పిల్లలు కొబ్బరిచెట్ల ఊరికి విమానంలో పోయి ఆడి, నిద్రమొహాలతో సోమవారం క్లాసుకు వచ్చేవారు.

అబద్ధమెందుకు, ఆ డబ్బుతో మంచి కూడా జరిగింది. గ్రాన్‌బీలో కొత్త హాస్టలు లేచింది, ఈతకొలను వచ్చింది. శిక్షకుడి జీతం మాత్రం పేపర్లో వేస్తే సున్నాలు పక్క వార్తలోకి పొర్లాయి. రసాయనశాస్త్రం భవనం కప్పు ఎప్పటిలాగే కారుతూనే ఉంది.

టామరాక్‌ను ఎవరూ పిలవలేదు. పిలవడానికి దాని చుట్టూ ఉన్నవి మసూరు చేలు. అవి టీవీ చూడవు. పాత కూటమిలో మిగిలిన చిన్నా చితకా కాలేజీలు ఒకచోట చేరి, చలికి గొర్రెలు దగ్గరైనట్టు దగ్గరై, ఆడుకుంటూనే ఉన్నాయి. ఆ ఊరివాళ్లకు అదీ పెద్ద బాధ అనిపించలేదు. కానీ వేసవిలో వచ్చిన ఆటల పట్టికలో నవంబరు శనివారం ఎదురుగా నది ఆట లేదు. గ్రాన్‌బీ ఆ రోజు దేశం అటు చివర ఎక్కడో ఆడుతుందట.

ఓరిన్ ఆ పట్టిక చూసి ఏమీ అనలేదు. మామూలుగానే ఎక్కువ అనేవాడు కాదు. ఈసారి అన్నం దగ్గర కూడా అనకపోయేసరికి భార్య ఆర్డిస్ కనిపెట్టేసింది.

ఆర్డిస్ పుట్టింది గ్రాన్‌బీలో. పెళ్లయి ఇవతలి ఒడ్డుకు వచ్చినా కంచరగాడిదల ఎర్ర టోపీ మాత్రం మానలేదు. ఏటా నది ఆట రోజు ఆ ఇంట్లో పొద్దుటే మొదలై మర్నాడు దాకా పోట్లాట. ఆ పోట్లాట లేని నవంబరు ఎలా ఉంటుందో ఆవిడ కూడా ఊహించుకోలేకపోయింది.

"జుట్టు చెవుల మీదికి దిగింది," అంది ఒక శనివారం పొద్దున. "పద, కత్తిరించుకుని వద్దాం."

"రేపు చూద్దాంలే."

"రేపు ఆదివారం, షాపు మూసేస్తాడు."

"ఎవరు?"

"డెల్బర్ట్. ఎక్కు బండి."

గ్రాన్‌బీ మనిషి చేతికి మెడ అప్పగించడం టామరాక్‌లో పుట్టినవాడు కలలో కూడా చేయడు. అయినా ఓరిన్ వంతెన దాటి, ఆ షాపు తలుపు తోసి, బోనులోకి పోతున్నట్టు కుర్చీలో కూర్చున్నాడు. డెల్బర్ట్ నిర్ఘాంతపోయి, తేరుకుని, తెల్ల గుడ్డ దులిపి మెడకు చుట్టాడు.

"ఇన్నేళ్లూ నా చేతిలో కర్రే చూశావు. కత్తెర కూడా బాగానే పడతాను, భయపడకు."

"కొలత చూసి కత్తిరించు. మీవాళ్లు ఎప్పుడూ గజం ఎక్కువ చెబుతారు."

"ఈ నెత్తి మీద గజమేముంది, పంట ఎప్పుడో కోసేశారు." కత్తెర కాసేపు ఆడింది. తర్వాత నెమ్మదించింది. "మా కాలేజీ పెద్దాయన కూడా ఈ కుర్చీలోనే కూర్చుంటాడు తెలుసా. అడిగేశాను. అయ్యా, నది ఆట ఎందుకు తీసేశారూ అని. 'నాకూ బాధగానే ఉంది డెల్బర్ట్, సంతకం పెట్టేశాం, తేదీలు వాళ్ల చేతిలో ఉన్నాయి' అన్నాడు. అప్పటికి నా చేతిలో మంగలికత్తి ఉంది. నేను మంచివాణ్ణి కాబట్టి గడ్డం మాత్రమే గీశాను."

"మరి ఆ రోజు నువ్వేం చేస్తావు?"

"ఏముంది, టీవీలో చూస్తా. మాకు పొద్దున తొమ్మిదింటికట. అక్కడ మధ్యాహ్నమట. కాఫీ తాగుతూ ఓడిపోవాలి. నువ్వు?"

"మావాళ్లకు ఆ వారం ఆటే లేదు."

అద్దంలో ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అంత దగ్గరగా ఎప్పుడూ చూసుకోలేదు. మధ్యలో పది గజాలు లేకపోతే ఏం మాట్లాడాలో ఇద్దరికీ తోచలేదు.

మూల బెంచీ మీద పాత పత్రిక తిరగేస్తున్న ఆర్డిస్ తల ఎత్తకుండానే అంది: "ఆట తీసేశారు, సరే. శనివారం కూడా తీసేశారా?"

"అంటే?"

"అంటే ఏముంది. గొలుసు ఉంది, పట్టేవాళ్లున్నారు. ఆడటానికి రెండు ఊళ్లల్లో కాళ్లున్నవాళ్లు లేరా? కాలేజీలే ఆడాలని నదికి ఎవరైనా చెప్పారా?"

కత్తెర గాల్లో ఆగిపోయింది. డెల్బర్ట్ అన్నాడు: "ఓరిన్, నీ పెళ్ళాం మా ఊరి పిల్ల. ఆ తెలివి చూస్తేనే తెలుస్తోంది."

"ఇవతలికి వచ్చాకే వచ్చింది ఆ తెలివి," అన్నాడు ఓరిన్. అప్పుడు నవ్వాడు. వేసవి మొదలయ్యాక అదే మొదటి నవ్వు.

ఆ మాట మంగలి షాపులో పుట్టింది కాబట్టి సాయంత్రానికి గ్రాన్‌బీ అంతా పాకింది. ఇవతలి ఒడ్డున ఓరిన్ చెప్పకపోయినా ఆర్డిస్ చెప్పింది. వంతెన పక్కనున్న సంత మైదానం తీసుకుందామన్నారు. వేసవిలో పశువుల పోటీలు జరిగే చోటు అది, ఏ కాలేజీదీ కాదు. ఆడటానికి వచ్చినవాళ్లను చూస్తే నవ్వాపుకోవడం కష్టం. అటువైపు నుంచి ఒక పళ్ల డాక్టరు, ఇద్దరు రొట్టెల షాపు అన్నదమ్ములు, ఒక పాస్టరు. ఇటువైపు నుంచి ట్రాక్టరు మెకానిక్కులు, బడి వంటావిడ, పాతికేళ్ల కిందట కాలేజీ జట్టులో ఆడి ఇప్పుడు పొట్ట పెంచిన బ్యాంకు మేనేజరు. తీర్పరిగా నది ఎగువన ఉండే పశువుల డాక్టరు ప్రూయిట్‌ను పిలిచారు. రెండు ఊళ్ల ఆవులూ ఆయన చేతిలోనే ఈనాయి. ఆయన ఎవరి పక్షమూ కాదని ఆవులకు తెలుసు.

ఉత్తరాలు పంచే కెండ్రా ఓప్‌డాల్ ఓరిన్‌ను దారిలో ఆపి అడిగింది. "నేనూ ఆడొచ్చా మిస్టర్ హాగ్‌స్టాడ్?"

"నీ పరుగు నాకు తెలీదా!" అన్నాడు ఓరిన్. చిన్నప్పుడు ఆ పిల్ల ఏరోజూ బస్సు వేళకు రాలేదు. గుట్ట మీది ఇంటి నుంచి సంచి ఎగురుతుండగా పరిగెత్తుకొచ్చేది. ఓరిన్ తలుపు తెరిచిపెట్టి, బస్సును మెల్లగా ముందుకు దొర్లిస్తూ, "పద పద పద!" అని ఉడికించేవాడు. బస్సు కదిలితే ఆ పిల్ల ఇంకా జోరు అందుకునేది. ఎన్నడూ వదిలేసి పోలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

అక్టోబరులో డెల్బర్ట్ షాపుకు ఫోను వచ్చింది. మాట్లాడినది గ్రాన్‌బీ కాలేజీ ఆఫీసు నుంచి ఒక అబ్బాయి, చాలా మర్యాదగా. కంచరగాడిద బొమ్మా, పేరూ కొత్త ఒప్పందంలో అమ్ముడుపోయాయట, టోపీల మీదా జెండాల మీదా వాడకూడదట.

"బొమ్మ వద్దంటావు, సరే బాబూ," అన్నాడు డెల్బర్ట్. "నిజం కంచరగాడిదను తోలుకొస్తే?"

"కనుక్కుని చెబుతానండీ," అన్నాడు ఆ అబ్బాయి. ఇంతవరకూ చెప్పలేదు.

ఆ శనివారం తెల్లవారేసరికి ఎండ కాసింది. ఎండే గానీ వేడి లేదు. సంత మైదానంలో గీతలు వేయడానికి సున్నం దొరక్క గోధుమపిండి బస్తా విప్పారు. టామరాక్ ఆడవాళ్లు పిడికిట్లోంచి పిండి వదులుతూ ముగ్గు వేసినట్టు నిటారుగా గీతలు లాగారు. ఆర్డిస్ తమ ట్రక్కు వెనక తలుపు దించి, దాని మీద గ్యాసు పొయ్యి పెట్టి, పెద్ద కుండలో మసూరు పప్పు, టమాటా, ఎండుమిర్చి వేసి చిల్లీ అనే చిక్కటి పులుసు ఉడికిస్తోంది. మాంసం లేకుండా చిల్లీ ఏమిటని బయటివాళ్లు అడుగుతారు. ఈ గుట్టల్లో అడగరు.

పొద్దున ఆటలో గ్రాన్‌బీ కాలేజీ చిత్తుగా ఓడింది. అది చూసి కడుపు మండిన జనమంతా వంతెన దాటి నడిచి వచ్చారు. ముందు డచెస్ అనే ముసలి కంచరగాడిద, మెడలో ఎర్ర శాలువాతో. వెనక బాజా. ఎంతమంది వస్తారులే అనుకున్న ఓరిన్ వంతెన వంక చూసి నోరు తెరిచేశాడు. జనం ఇంకా వస్తూనే ఉన్నారు. చంకల్లో మడత కుర్చీలు, చేతుల్లో కాఫీ జగ్గులు.

"ఇంతమందా!" అన్నాడు.

"మరేం, కాలేజీని అమ్మారు గానీ మమ్మల్ని ఎవరూ కొనలేదుగా," అన్నాడు డెల్బర్ట్, కర్ర అందుకుంటూ.

ఆట మొదలైంది. టీవీ లేదు, నారింజ తొడుగులు లేవు. ఎవరైనా పడిపోతే లేచేదాకా ఆగడం, నవ్వు ఆగేదాకా ఆగడం, అంతే. పాస్టరు దేవుణ్ణి తలుచుకుని బంతి విసిరితే అది బాజా బృందంలో పెద్ద డోలు మీద పడింది. బడి వంటావిడను పడగొట్టడానికి రొట్టెల అన్నదమ్ములిద్దరూ కలిసి చాలలేదు. మధ్యలో డచెస్ తాడు తెంపుకుంది. తీరిగ్గా మైదానంలోకి వచ్చి, గోధుమపిండి గీత రుచి చూసి, బాగుందనిపించి, వరసగా నాకడం మొదలుపెట్టింది. లాక్కుపోయేసరికి ఒక పక్క గీతలన్నీ దాని కడుపులో ఉన్నాయి.

"మీ గాడిద మా మైదానం తినేసింది," అన్నాడు ఓరిన్, పెదవి కదలకుండా.

"ఊరికే తినదు. రుచైన తిండి మీ ఊళ్లో ఇంకెక్కడా దొరక్క తింది."

"ఇద్దరూ ఏమిటలా బొమ్మల్లా!" వెనక నుంచి ఆర్డిస్ గరిటె ఝళిపించింది. "ఇవాళ మిమ్మల్ని అడిగేవాళ్లు లేరు. అరవండి!"

ఓరిన్ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు, మూసేశాడు. అలవాటు లేని పని ఎవరో చెబితే ఎలా వస్తుంది?

ఎండ వాలేసరికి గ్రాన్‌బీ నాలుగు పాయింట్లు ముందుంది. ఆటలో ఇంకో నిమిషం మిగిలి ఉంది. బంతి టామరాక్‌ది, అది ఆఖరి ప్రయత్నం. ఓరిన్ కర్ర దాకా చేరితే బంతి నిలుస్తుంది, గెలిచే ఆశ ఉంటుంది. చేరకపోతే ఆట గ్రాన్‌బీది. జనం లేచి నిలబడ్డారు. డోలు ఆగింది.

బంతి కెండ్రా చేతికి వచ్చింది. మధ్యలోకి పోబోయి, పళ్ల డాక్టరు అడ్డురాగానే గిర్రున తిరిగి, పక్కకు, సరిగ్గా గొలుసు వైపుకు దూసుకొచ్చింది. జుట్టు ఎగురుతోంది. ఒక భుజం ముందుకు వంచి, మోకాళ్లు ఎత్తెత్తి వేస్తూ వస్తోంది. ఓరిన్‌కు గుట్ట కనిపించింది, మంచు పట్టిన పొద్దు కనిపించింది, తెరిచిన బస్సు తలుపు కనిపించింది.

"పద!" అన్నాడు. గొంతు కీచుమంది. "పద పద పద!" ఈసారి ఆ కేకకు డచెస్ చెవులు నిక్కబొడుచుకుంది. అన్నేళ్లుగా దాచుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. మాటతోపాటు కాళ్లూ కదిలాయి. బస్సు దొర్లించినట్టే, ఆమె దగ్గరికొచ్చే కొద్దీ ముందుకు, ఇంకా ముందుకు, వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతూ పరుగు. చేతిలో కర్ర ఉన్న సంగతి మరిచాడు. కర్రకు గొలుసుంది. గొలుసు చివర డెల్బర్ట్ ఉన్నాడు. గొలుసు పట్టినవాడు ఏం జరిగినా కర్ర వదలకూడదు. డెల్బర్ట్ వదల్లేదు. మొదట రెండు గెంతులు గెంతాడు, తర్వాత గొలుసు అతన్ని ఈడ్చింది, తర్వాత "ఆగరా, ఆగరా దేవుడా!" అంటూ తనూ పరుగందుకున్నాడు. ముందు ఓరిన్, వెనక డెల్బర్ట్, మధ్యలో గలగలలాడుతూ పది గజాల గొలుసు, పక్కనే బంతితో కెండ్రా.

రొట్టెల అన్నదమ్ములు కెండ్రా మీద పడ్డారు, వాళ్ల మీద పాస్టరు, పాస్టరు మీద ఇంకెవరో. దుమ్ము లేచింది. ఓరిన్ కర్ర ఎత్తి పట్టుకుని అరుస్తూనే ఉన్నాడు.

దుమ్ము అణిగింది. ప్రూయిట్ డాక్టరు బంతి మీద కాలు పెట్టి చుట్టూ చూశాడు.

"గొలుసేది?"

గొలుసు చాలా దూరంలో, మైదానం చివర కంచె దగ్గర ఉంది.

"మొదట ఎక్కడుంది?"

అప్పుడు అన్ని కళ్లూ పరిగెత్తే ఓరిన్ మీదే ఉన్నాయి. పిండి గీత చూసి చెబుదామంటే గీత డచెస్ తినేసింది. మరుక్షణం రెండు ఊళ్లూ ఒక్కసారే నోరు విప్పాయి.

"రెండు గజాలు దాటింది!"

"ఎక్కడ దాటింది, గజం తక్కువ!"

"మీ కళ్లకు పిండి పట్టింది!"

"పిండి తిన్నది మీ గాడిద!"

డెల్బర్ట్ రొప్పుతూ వచ్చి ఓరిన్ కర్రను వేలితో పొడిచాడు. "చేరాల్సిన గీతే పారిపోతే అమ్మాయి ఎలా చేరుతుందయ్యా? నిన్ను మీ ఊరు డబ్బిచ్చి పెట్టుకుందా, మా ఊరు పెట్టుకుందా?"

ఓరిన్ మొహం కందగడ్డలా ఉంది. సిగ్గుపడాలని చూశాడు గానీ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు చూసి కెండ్రా నవ్వింది, ఆమె మీద పడ్డ రొట్టెల అన్నదమ్ములు నవ్వారు. కానీ కొలత మాట దగ్గర ఎవరూ తగ్గలేదు. చేతులు ఊపుకుంటూ, టోపీలు విసురుకుంటూ, పొద్దు గుట్ట వెనక్కి పోయేదాకా వాదించారు. ఆ వాదన విన్నవాళ్లెవరికైనా రెండు ఊళ్లకూ పండగని తెలిసిపోయేది.

చివరికి ప్రూయిట్ డాక్టరు ఈల ఊదాడు. "చూడండి. ఆవు కడుపులో ఉన్నది పెయ్యో కోడెదూడో కూడా చెప్పగలను గానీ ఇది నా వల్ల కాదు. దాటిందనలేను, దాటలేదనలేను. చీకటి పడుతోంది. ఆట ముగియలేదు, ఆగింది. బంతి ఉన్నచోట మేకు కొట్టండి. వచ్చే నవంబరులో ఇక్కణ్ణుంచే మొదలు. ఇష్టమేనా?"

ఆ పూటకు రెండు ఊళ్లూ ఒప్పుకున్న మాట అదొక్కటే. ఎంత గట్టిగా ఒప్పుకున్నారంటే వంతెన మీది పావురాలు లేచిపోయాయి. మైదానం చూసుకునే ఆవిడ మాత్రం గొణిగింది: "వేసవిలో ఇక్కడే గొర్రెల పోటీ. మేకు తగిలి గొర్రె కుంటుపడితే?" "పక్కనే డాక్టరున్నాడుగా," అన్నారు జనం. మేకు దిగింది.

చిల్లీ కుండ చుట్టూ ఎర్ర టోపీలూ పచ్చ టోపీలూ కలిసిపోయాయి. డెల్బర్ట్ గిన్నె నాకుతూ, వచ్చే ఏడాది ఓరిన్‌ను తాడుతో కట్టేయాలని అందరికీ చెబుతున్నాడు. గొంతు పోయిన ఓరిన్ ట్రక్కు వెనక ఆర్డిస్ పక్కన కూర్చున్నాడు. ఆవిడ గిన్నె నింపి చేతికిచ్చి, చెవి దగ్గరికి వంగింది.

"నేను చూశాను," అంది.

"ఏం చూశావు?" గాలి తప్ప మాట రాలేదు.

"కర్ర ఎక్కడుందో. ఆ ఆఖరి ప్రయత్నానికి సరిగ్గా నా కుండకు అడ్డంగా నిలబడ్డావు. నువ్వు పరిగెత్తావు గానీ కుండ పరిగెత్తలేదుగా. నిన్ను చూస్తూ కూర్చోవడానికి నాకేం పనిలేదా, నేను బంతే చూశాను."

ఓరిన్ గిన్నె పక్కన పెట్టేశాడు. "అయితే... చేరిందా?"

ఆర్డిస్ మైదానం వంక చూసింది. మేకు చుట్టూ ఇంకా ఒక గుంపు. పాస్టరూ, బ్యాంకు మేనేజరూ మోకాళ్ల మీద కూర్చుని జానలు వేసి చూపించుకుంటున్నారు. వచ్చే ఏడాది ఎవరెవరు ఆడాలో అప్పుడే పేర్లు పిలుస్తున్నారు.

"చెప్పవే!"

"చెబితే వచ్చే ఏడు వీళ్లెందుకొస్తారు?" అంది ఆవిడ, ఎర్ర టోపీ సర్దుకుని. "తిను, చల్లారిపోతోంది."